హంతకుడి పేరు చెప్పుట నేరము

హంతకుడి పేరు ముందే తెలిసిపోయిందని ఒక మంత్రిగారికి కోపం వచ్చింది.

ఆయన నాలుగేళ్లుగా ఒకే నవల చదువుతున్నారు. విమానంలో రెండు పేజీలు, శంకుస్థాపనల మధ్య ఒక పేజీ. సగానికి వచ్చేసరికి ఫోన్‌లో ఎవరో పాఠకుడు పెట్టిన వ్యాఖ్య కంటబడింది: "చంపింది డ్రైవరే అని నేను ముందే అనుకున్నాను." మంత్రిగారు తలెత్తి తన సొంత డ్రైవర్ మెడ వైపు చాలాసేపు చూశారట. తర్వాతి సమావేశాల్లోనే బిల్లు వచ్చింది. చర్చ లేకుండా నెగ్గింది. చర్చిస్తే ఉదాహరణకైనా ఏదో ఒక కథ చెప్పాల్సి వస్తుందని సభ్యులు భయపడ్డారు.

అలా పుట్టింది కథారహస్య పరిరక్షణ మండలి.

అధ్యక్షులుగా విశ్వపతిరావు గారిని వేశారు. అంతకు ముందు ఆయన పశువుల గాలికుంటు వ్యాధి నివారణ చూసేవారు. "రహస్యం బయటపడటం కూడా అంటువ్యాధే. ఒక నోటి నుంచి ఇంకో నోటికి సోకుతుంది. మూలంలోనే కట్టడి చేస్తాం" అని తొలి ప్రసంగంలో ప్రకటించారు. కాకినాడలో మత్స్యశాఖ ఖాళీ చేసిన భవనం ఒకటి ఉంటే మండలిని అందులో పెట్టారు. సున్నం కొట్టారు కానీ వాసన పోలేదు.

మొదట్లో నిబంధన ఒక్కటే. నవలలో హంతకుడెవరో ఆన్‌లైన్‌లో చెప్పకూడదు. అందరూ మెచ్చుకున్నారు. వకుళ కూడా మెచ్చుకుంది.

వకుళ కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో కండక్టరు. సంచిలో టికెట్ల మిషన్ పక్కన ఎప్పుడూ ఒక డిటెక్టివ్ నవల ఉండేది. ఫేస్‌బుక్‌లో 'గట్టు మీద' అనే నవలల గ్రూపులో ఆమె మాటకు విలువుంది. ఆ గ్రూపులో ఒక ఆచారం ఉండేది. నవల పూర్తి చేసినవాళ్లు "దాటాను" అని రాసేవారు. దాటినవాళ్లంతా ఒక పక్కకు పోయి కథంతా విప్పి మాట్లాడుకునేవారు. దాటనివాళ్లు అటు తొంగిచూసేవారు కాదు. దీనికి చట్టం లేదు, అధ్యక్షుడు లేడు. అందువల్ల బాగా నడిచేది.

ఆ గ్రూపులోనే ఆమెకు తాయారమ్మ టీచరు దొరికారు. సామర్లకోటలో హిందీ చెప్పి రిటైరయిన మనిషి. షుగరు వల్ల చూపు మందగించి అక్షరాలు అలికినట్టు కనిపిస్తుంటే, వకుళ డిపోలో దొరికిన విరామంలో రోజుకో అధ్యాయం చదివి వాయిస్ మెసేజ్ పెట్టేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అయినా రోజూ పోట్లాడుకునేవారు.

అప్పుడు నడుస్తున్న నవల 'ఉప్పుమళ్లలో శవం'. రచయిత దివాకరం. ఉప్పు వ్యాపారి హత్య. ఒక మేస్త్రీ, పోస్ట్‌మాస్టరు, డాక్టరమ్మ, మరో ఇద్దరు, వెరసి అనుమానితులు ఐదుగురు.

"వీరన్న మేస్త్రీ కాదండీ టీచరు గారూ. పాపం, అతనికేం తెలీదు" అంది వకుళ ఫోన్‌లో.

"మీసాలున్నవాడంటే నీకు జాలెక్కువ. సరే, వాణ్ని వదిలెయ్. ఆ పోస్ట్‌మాస్టర్ శేషగిరిని కూడా వదిలెయ్. దోమని చంపడానికి కూడా సెలవు పెట్టే రకం."

"మరెవరంటారు?"

"చెప్పను. చివరి అధ్యాయం వినిపించు. అప్పుడు చెప్తాను, ముందే కనిపెట్టానని."

"అప్పుడెవరైనా చెప్తారండి బాబూ. అది సరే, ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

తాయారమ్మకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆమె వాయిదా వేస్తున్నారు. "ఈ నవల అయ్యాకే. బల్ల మీద పడుకుని ఎవడు చంపాడా అని ఆలోచిస్తుంటే మత్తు ఎక్కుతుందా? వాళ్లు కోసేది గుండెనమ్మాయ్. అందులో ఆ అనుమానం ఉంచుకుని వెళ్లలేను."

"సరే అయితే. తొందరగా చదివేస్తాను" అంది వకుళ.

ఆ రోజే ఆమె గ్రూపులో రెండు ముక్కలు రాసింది. "వీరన్న పాత్ర నాకు బాగా నచ్చింది. పాపం, అతను చంపలేదు." మూడో రోజుకి మండలి నుంచి పిలుపొచ్చింది.

"నేను హంతకుడి పేరు చెప్పలేదండీ. చంపనివాడి పేరు చెప్పాను" అంది వకుళ, అధ్యక్షుల వారి బల్ల ముందు నిలబడి.

విశ్వపతిరావు గారు కళ్లద్దాలు తీశారు. "చూడమ్మా. సదరు నవలలో అనుమానితులు ఐదుగురు. నువ్వు ఒకరిని కాదన్నావు. మిగిలింది నలుగురు. రేపు ఇంకొకరు ఇంకొకరిని కాదంటారు. ఇలా తలా ఒకరిని కాదనుకుంటూ పోతే సాయంత్రానికి హంతకుడు ఒంటరిగా మిగిలిపోతాడు. కావున హంతకుడిని హంతకుడనుట ఎంత నేరమో, హంతకుడు కానివాడిని కాదనుట కూడా అంతే నేరం. ఇది నేటి నుంచి నిబంధన."

"నేను మొన్న రాశానండీ."

"అందుకే హెచ్చరికతో వదులుతున్నాను. మళ్లీ ఇలాంటిది జరిగితే కండక్టరు లైసెన్సు రద్దుకు సిఫారసు చేస్తాను."

తర్వాత నిబంధనలు వర్షాకాలపు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. "ఊహించని ముగింపు" అని రాయకూడదు, పాఠకుడు ఊహించినదాన్ని తీసేసి ఆలోచించే ప్రమాదం ఉంది. "ఏడిపించింది" అనకూడదు, ఎవరో పోయారని తెలిసిపోతుంది. "హాయిగా ఉంది" అనకూడదు, ఎవరూ పోలేదని తెలిసిపోతుంది. "బాగుంది" అనే మాటమీద మండలి రెండు పూటలు చర్చించింది. దుర్మార్గుడు తప్పించుకుంటే బాగుంది అనరు కనుక, బాగుంది అంటే దుర్మార్గుడు దొరికినట్టే అని తేల్చింది.

చివరికి 'గట్టు మీద' గ్రూపులో అభిప్రాయాలు ఇలా మిగిలాయి.

"నేను ఒకటి చదివాను. అందులో కొందరు ఉన్నారు."

"నాకూ అచ్చం అలాగే అనిపించింది."

"మీరు ఎంత లోతుగా చదువుతారండీ!"

ఈ చివరి వ్యాఖ్య రాసినాయనకు నోటీసు వెళ్లింది. లోతు ఉందని చెప్పడం ద్వారా ఏదో దాగి ఉందని సూచించినందుకు.

ఈలోపు నవల రెండో ముద్రణ అనుమతి కోసం రచయిత దివాకరం మండలికి వచ్చాడు. దివాకరం ఏడాదికి పది నవలలు రాసే మనిషి. కుర్చీలో కూర్చున్నా ఎక్కడికో పరుగెడుతున్నట్టే ఉంటాడు.

"పేరులోనే శవం పెట్టారు" అన్నారు విశ్వపతిరావు గారు బాధగా. "పాఠకుడు పుస్తకం తెరవకముందే ఒకరు చనిపోయారని తెలిసిపోయింది. ఇది రచయితే స్వయంగా చేసిన రహస్యభంగం."

"శవం లేకపోతే డిటెక్టివ్ నవల ఎవడు కొంటాడు సార్?"

"అది వాణిజ్య శాఖ చూసుకుంటుంది. శవం తీసేయండి."

"'ఉప్పుమళ్లలో' అని ఉంచనా?"

"ఉప్పుమళ్లలో అంటే ఎక్కడ జరిగిందో చెప్పినట్టేగా."

"పోనీ, 'ఉప్పు'?"

అధ్యక్షుల వారు కాసేపు ఆలోచించారు. "వంటల పుస్తకం అనుకునే అవకాశం ఉంది. అది పరిరక్షణకు అనుకూలించే అంశం. మంజూరు."

దివాకరం లేచాడు. లేస్తూ నోరు జారాడు. "ఇంత కష్టం దేనికి సార్? అసలు గుట్టంతా విప్పేది నా చివరి అధ్యాయమే కదా!"

విశ్వపతిరావు గారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఇన్నాళ్లూ కొమ్మలు నరుకుతున్నామనీ, వేరు ఇప్పుడు దొరికిందనీ ఆయన ముఖంలో కనబడింది. రాష్ట్రంలో ప్రతి డిటెక్టివ్ నవలలోనూ హంతకుడి పేరు బాహాటంగా ప్రకటిస్తున్న నేరస్థుడు ఒకడే. చివరి అధ్యాయం.

ఆ వారంలోనే తనిఖీ దళాలు బయల్దేరాయి. పుస్తకాల దుకాణాలు, రైల్వే స్టాళ్లు, లైబ్రరీలు. ఒక్కో దళానికి ఒక జీపు, ఒక స్కేలు. స్కేలు పెట్టి, మడతపెట్టి, చివరి అధ్యాయం చించి, గోనెసంచిలో వేసుకుని పోయేవారు.

వకుళ బస్సును పెద్దాపురం దగ్గర ఆపారు. అప్పటికి ఆమె చివరి అధ్యాయం ముందువరకూ చదివి పంపింది. మిగిలింది ఆ సాయంత్రమే చదువుదామనుకుంది.

"పుస్తకం తియ్యమ్మా" అన్నాడు దళం ఇన్‌స్పెక్టరు ఫుట్‌బోర్డు మీదే నిలబడి.

"అద్దె పుస్తకమండీ. చించితే కొట్టాయనకి నేనేం చెప్పాలి?"

"పరిరక్షించామని చెప్పు." చర్రున చించాడు. మొదటి పేజీ మధ్యకు మడిచి గుండుసూది గుచ్చి ఉండటం చూశాడు. "ఇదేంటి?"

"అద్దె పుస్తకాల్లో ముందు చదివినోళ్లెవరో మొదటి పేజీలో హంతకుడి పేరు రాసేస్తారండీ. కుళ్లుబోతులు. అందుకని తెచ్చుకోగానే చూడకుండా మడిచి గుండుసూది పెట్టేస్తాను. చిన్నప్పటి అలవాటు."

ఇన్‌స్పెక్టరు పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. "మొదటి పేజీలు మా పరిధిలోకి రావు."

"ఏవమ్మా, పోస్ట్‌మార్టం అయిందా? బండి కదులుద్దా?" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

ఆ సాయంత్రమే తాయారమ్మకి ఫోన్లో సంగతి చెప్పింది. "అయితే ఆపరేషన్ వద్దులే" అన్నారావిడ.

"అదేం మాటండీ! డాక్టర్లు వచ్చే గురువారం దాటకూడదన్నారంట కదా!"

"వాళ్లకేం, కోసి కుట్టేస్తారు. లోపల ఉండేది నేను."

వకుళ మర్నాడు సెలవు పెట్టి మండలికి పోయింది. గుమ్మం దాకా గోనెసంచులు. సంచుల మీద జిల్లాల పేర్లు. విశ్వపతిరావు గారు ఒక్కో సంచిలోంచి ఒక్కో అధ్యాయం తీసి, మొదటి పేజీ చూసి, సంతకం పెట్టి పక్కన పడేస్తున్నారు. రహస్యం తెలుసుకునే అధికారం రాష్ట్రంలో ఆయనొక్కరికే ఉంది.

"ఒక్క మనిషికండీ. ఒక్కసారి. మీరే ఫోన్లో చెప్పండి, నేను చెవులు మూసుకుంటాను" అంది వకుళ.

"భావోద్వేగాలకు మండలి అతీతం. ఆపరేషన్ విజయవంతమై సదరు మహిళ బతికిందనుకో, రహస్యం నలుగురికీ చెప్పే శక్తి ఆమెకు వస్తుంది. బతకలేదనుకో, చెప్పి ప్రయోజనం లేదు. రెండు విధాలా తిరస్కరించవలసిన విజ్ఞప్తి."

వకుళకి ఒళ్లు మండింది. "అయితే ఇంకో మాట చెప్పండి. ఏది చెప్పకూడదో మాకు తెలీకపోతే, మేమెలా చెప్పకుండా ఉంటామండీ? రేపు నేను ఊరికే ఓ పేరంటాను. అదే హంతకుడి పేరైతే? నన్ను జైల్లో పెడతారా?"

విశ్వపతిరావు గారి చేతిలో కలం ఆగింది. ఆమె వైపు కొత్తగా చూశారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ప్రజల నుంచి ఇంత చక్కని సలహా ఆయనకు రాలేదు.

"ప్రజలకు అవగాహన కల్పించవలసిన బాధ్యత మనదే" అన్నారు కార్యదర్శితో.

సోమవారానికల్లా రాష్ట్రమంతా బోర్డులు లేచాయి. బస్టాండుల్లో, సినిమా హాళ్లలో, మున్సిపల్ ట్యాంకుల మీద. నవల పేరు, కింద ఎర్రక్షరాల్లో చెప్పకూడని సంగతి. వకుళ బస్సు వెనకాల అద్దం కనబడకుండా అతికించారు: 'ఉప్పు' నవలలో హంతకుడు పోస్ట్‌మాస్టర్ శేషగిరి అని చెప్పుట నేరము. బడిపిల్లలు ఎవరిగురించి నోరు మూసుకోవాలో ప్రార్థనలో చదివేవారు. ఫోన్ చేస్తే అవతల మోగే లోపు ఒక మృదువైన గొంతు అదే చెప్పేది.

బుధవారం మధ్యాహ్నం వకుళ డిపోలో కూర్చుని ఫోన్ చేసింది. ఎత్తుతూనే తాయారమ్మ మండిపడ్డారు.

"విన్నావా ఆ ఘోరం? శేషగిరంట!"

"తెలిసిపోయింది కదండీ. ఇంక ఆస్పత్రికి పదండి."

"ఏం తెలిసింది? హత్య జరిగినప్పుడు శేషగిరి తుని స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాడని పదో అధ్యాయంలో నువ్వే కదా చదివావు! ఎవడో పుస్తకం మొహం చూడకుండా రాయించిన బోర్డు అది. అమ్మాయ్, ఆ గుండుసూది ఉందా?"

"ఉందండీ."

"తియ్యి."

"టీచరు గారూ, ఇంతవరకు ఏ పుస్తకానికీ తియ్యలేదండీ నేను."

"నేనూ ఇంతవరకు గుండె కోయించుకోలేదు. తియ్యి."

వకుళ గుండుసూది లాగింది. మడత విప్పింది. నీలం బాల్‌పెన్ను, వంకర అక్షరాలు: "చంపింది డాక్టరమ్మ. నా డబ్బులెలాగూ పోయాయి, నువ్వైనా బాగుపడు."

చదివి వినిపించింది. అవతలి నుంచి చప్పట్లు వినిపించాయి. ఒక్క మనిషే, కానీ గట్టిగా.

"చెప్పలేదూ! ఐదో అధ్యాయం గుర్తు తెచ్చుకో. ఎస్సై వచ్చి శవం దొరికిందన్నాడు. అంతే అన్నాడు. డాక్టరమ్మ ఏమంది? 'అయ్యో, ఆ ఉప్పులోనా' అంది. ఉప్పులో అని ఆమెకెవరు చెప్పారు? అప్పుడే పట్టేశాను నేను."

"మరి ప్రభుత్వం వారి బోర్డు?"

"పిచ్చిదానా! అద్దె పుస్తకం మీద రాసినవాడు చదివి రాశాడు. బోర్డు మీద రాసినవాడు సంతకం పెట్టి రాశాడు. ఇంక ఆటోని పిలుస్తాను. నువ్వు ఆ మాట గ్రూపులో పెట్టు. పాపం, అందరూ చివరి అధ్యాయం లేక నాలాగే అల్లాడుతున్నారు."

వకుళ తన లైసెన్సు గురించి ఒక్క క్షణం ఆలోచించింది. బస్సు వెనక బోర్డు వైపు చూసింది. ఫోన్ తీసి రాసింది. "దాటాలనుకునేవాళ్లు మాత్రమే కింద చూడండి." కొంత జాగా వదిలి, "డాక్టరమ్మ" అని పెట్టింది. కింద ఐదో అధ్యాయం సంగతి వివరించింది. చాలా రోజులకు ఆ గ్రూపులో ఒక మనిషి మాట్లాడినట్టు అనిపించింది.

గురువారం పొద్దున్న అటు తాయారమ్మను థియేటర్లోకి తీసుకువెళ్లారు. ఇటు వకుళను మండలి ముందు నిలబెట్టారు. సాక్షిగా దివాకరాన్ని పిలిచారు. విచారణ బహిరంగం, విలేఖరులు కూడా ఉన్నారు. మండలి కఠినత్వం లోకం చూడాలని అధ్యక్షుల వారి కోరిక.

"ప్రభుత్వం ఇంత స్పష్టంగా శేషగిరి పేరు చెప్పవద్దని చెప్పింది" అని మొదలుపెట్టారు విశ్వపతిరావు గారు.

"నేను శేషగిరి అనలేదండీ. డాక్టరమ్మ అన్నాను."

"డాక్టరమ్మ హంతకురాలు కాదు!" అని బల్ల గుద్దారు ఆయన.

విలేఖరుల కలాలు ఆగాయి. కార్యదర్శి దగ్గాడు. వకుళ చేతులు కట్టుకుని చాలా మర్యాదగా అంది, "అయ్యా, హంతకుడు కానివాళ్లని కాదనడం కూడా అంతే నేరమని మీరే కదండీ రూలు పెట్టారు."

విశ్వపతిరావు గారి ముఖంలో రంగు మారింది. డాక్టరమ్మ హంతకురాలు కాకపోతే ఆయన ఇప్పుడే నేరం చేశారు. హంతకురాలే అయితే రాష్ట్రంలో బస్సులన్నీ అబద్ధం మోస్తూ తిరుగుతున్నాయి.

"రచయితే చెప్పాలి" అన్నారాయన ఆశగా.

దివాకరం లేచాడు. "నేను చెప్తే నేరం సార్. కానీ ఒక ప్రశ్న అడగొచ్చా? చివరి అధ్యాయం మొదటి పేజీలో శేషగిరి 'నేనే చంపాను' అని ఒప్పుకుంటాడు, ఎవరినో కాపాడటానికి. మీరు రెండో పేజీ తిప్పారా?"

ఎలుక ఏదో గోనెసంచుల్లో కదిలిన చప్పుడయింది. విశ్వపతిరావు గారు ముప్పయ్యేళ్ల సర్వీసులో మొదటి పేజీ చదివి సంతకం పెట్టిన ఫైళ్లు వేలు. రెండో పేజీ ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. మండలి పది నిమిషాలంటూ లోపలికి వెళ్లింది. గంటన్నర తర్వాత వచ్చింది. కార్యదర్శి తీర్మానం చదివాడు.

"ప్రభుత్వ ప్రకటన ప్రకారం హంతకుడు శేషగిరియే. కావున డాక్టరమ్మ అని చెప్పుట రహస్యభంగము కాదు, కేవలం అసత్యము. అసత్యములు మండలి పరిధిలోకి రావు. అసత్యమును కాదనుట కూడా నేరము కాదు కనుక అధ్యక్షుల వారు నిర్దోషి. ముద్దాయి వకుళ అబద్ధం చెప్పినట్టు నిర్ధారించి, గౌరవంగా విడుదల చేయడమైనది."

వకుళ గుమ్మం దాటుతుండగా ఫోన్ మోగింది. ఆస్పత్రి నర్సు. "వకుళ గారేనాండీ? ఆపరేషన్ బాగా జరిగింది. కానీ మత్తులో పెద్దామె మా డాక్టరమ్మ గారి చెయ్యి పట్టుకుని 'నువ్వే చంపావని నాకు తెలుసు' అంటున్నారండీ. మేడమ్ గారు భయపడుతున్నారు."

వకుళ అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు.

తీర్మానం ఊరూరా పాకింది. మండలి బోర్డులన్నీ మొదటి పేజీలు చూసి రాసినవే కాబట్టి దాదాపు అన్నీ తప్పులే. అందుచేత నిజం చెప్పడానికి ఎక్కడా అడ్డు లేకుండా పోయింది, ప్రభుత్వం దృష్టిలో అది అబద్ధం కనుక. చదివినవాళ్లు మళ్లీ ఒక పక్కకు పోయి మాట్లాడుకున్నారు. చదవనివాళ్లు అటు తొంగిచూడలేదు. మండలి పని బ్రహ్మాండంగా జరుగుతోందని మంత్రిగారు అభినందించారు. ఆయన ఇంకా అదే నవల సగంలో ఉన్నారు.

కొన్నాళ్లకు తాయారమ్మ 'గట్టు మీద' గ్రూపులో తన తొలి పూర్తి అభిప్రాయం వాయిస్‌లో పెట్టారు. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు ఇంకా గట్టిపడింది.

"'ఉప్పుమళ్లలో శవం' దాటాను. డాక్టరమ్మ అని ఐదో అధ్యాయంలోనే తెలిసిపోయింది. మిగతా పదిహేను అధ్యాయాలు ఆయన ఎందుకు రాశాడో ఆయనకే తెలియాలి. మధ్యలో ఆ పడవ పందెం వచ్చినప్పుడు నేను అన్నం వండుకుని, తిని, గిన్నెలు కడుక్కుని వచ్చాను. ఇంకా పందెం అవలేదు. హీరోయిన్ ప్రతి పేజీలోనూ పెదవి కొరుక్కుంటుంది. ఆ పిల్లకి పళ్ల డాక్టరు కావాలి కానీ డిటెక్టివ్ కాదు. చివరి అధ్యాయం ప్రభుత్వం వారు చించేశారు కాబట్టి సరిపోయింది. అదొక్కటే ఈ పుస్తకానికి జరిగిన మేలు."

కింద వందమంది నవ్వారు. మరో వందమంది పోట్లాటకు దిగారు. వకుళ పడవ పందెం తరఫున గట్టిగా నిలబడింది.

మర్నాడు పొద్దున్నే, ఆఫీసు తలుపులు తీయకముందే, దివాకరం మండలి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. విశ్వపతిరావు గారు కారు దిగగానే ఎదురెళ్లాడు.

"సార్, ఆ సామర్లకోటావిడ మాటలు విన్నారా? ఇలాంటివి ఆపడానికి మన దగ్గర ఏదైనా రూలు ఉందా?"